చీమకుర్తి కాటా గదికి ఢిల్లీ గడియారం: జాతీయ భౌతిక ప్రయోగశాల సమయ సేవపై సమీక్ష

లారీ కాటా దిగగానే చేతికి వచ్చే చీటీలో రెండు కొలతలు ఉంటాయి: ఒకటి బరువు, రెండోది వేళ. బరువు సంగతి చూడడానికి తూనికలు కొలతల శాఖ ఉంది. వారు ఏటా వచ్చి, పరీక్ష బరువులు పెట్టి చూసి, సీలు వేసి, సర్టిఫికెట్టు ఇచ్చి వెళ్తారు. దాన్ని అద్దం చట్రంలో బిగించి కాటా గది గోడకు తగిలిస్తాం. అదే చీటీ మీద, ఆ బరువు పక్కనే అచ్చయ్యే గంటలూ నిమిషాలూ సరైనవో కావో అడిగే వారు మాత్రం ఎవరూ లేరు. నేను ఒంగోలులో ఉంటూ, చీమకుర్తి చుట్టుపక్కల నాలుగైదు గ్రానైటు ఫ్యాక్టరీలకు కంప్యూటర్లూ నిఘా కెమెరాలూ చూసిపెట్టే పనిలో పన్నెండేళ్లుగా ఉన్నాను. అందులో పదేళ్లకు పైగా ఆ రెండో కొలతను నేను కూడా పట్టించుకోలేదు. పట్టించుకోక తప్పని రోజు వచ్చాక వాడడం మొదలుపెట్టిన ఒక ప్రభుత్వ సేవ గురించే ఈ సమీక్ష.

సేవ ఏమిటంటే, ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల, అంటే అందరూ ఎన్‌పీఎల్ అని పిలిచే సంస్థ, ఇంటర్నెట్ ద్వారా అందరికీ అందించే భారత ప్రామాణిక కాలం. చిరునామా టైమ్.ఎన్‌పీఎల్‌ఇండియా.ఆర్గ్. రుసుము లేదు, దరఖాస్తు లేదు, లాగిన్ లేదు. పద్నాలుగు నెలలుగా రెండు ఫ్యాక్టరీలలో వాడుతున్నాను.

ముందుగా, దీని అవసరం ఎందుకు వచ్చిందో చెప్పాలి. ఒక జూన్ నెల రాత్రి ఒక ఫ్యాక్టరీ నుంచి గ్యాలాక్సీ రకం గ్రానైటు పలకల లోడు చెన్నైకి బయలుదేరింది. అక్కడ పెట్టెలు విప్పి చూసుకున్న కొనుగోలుదారు, కొన్ని పలకలు రెండో రకమని గొడవ పెట్టారు. లారీలో ఎక్కించిన తర్వాతే ఎవరో మార్చారన్నది వారి అనుమానం. కాగితాలు తీసి చూస్తే ఆ అనుమానానికి బలం వచ్చింది. కాటా చీటీ మీద వేళ 9 గంటల 45 నిమిషాలు, ఈ-వే బిల్లు మీద 9 గంటల 55 నిమిషాలు, గేటు కెమెరాలో లారీ బయటికి వెళ్తున్న దృశ్యం మీద 10 గంటల 13 నిమిషాలు. కాటా నుంచి గేటు దాకా గట్టిగా వంద అడుగులు ఉండదు. బిల్లు తీసుకుని, తాడు బిగించుకుని, ఒక బీడీ కాల్చుకున్నా పది నిమిషాల్లో దాటవలసిన దూరానికి 28 నిమిషాలు పట్టినట్టు లెక్క తేలింది. ఆ రాత్రి లోడింగు చూసిన మేస్త్రి ఆ ఫ్యాక్టరీ పుట్టినప్పటి నుంచి ఉన్న మనిషి. అందరి చూపూ ఆయన మీదికి మళ్లింది.

యజమాని నాకు ఫోను చేసి, "ఏందబ్బాయ్, మూడు కాయితాల మీద మూడు టైములుండాయి, యేది నమ్మాల్నో నువ్వొచ్చి చెప్పు" అన్నారు. ఈ-వే బిల్లు వేళ ప్రభుత్వ సర్వరు ముద్రించేది కాబట్టి దాన్ని సరైనదని అనుకుని, మిగిలిన రెండింటి దగ్గర కూర్చున్నాను.

కెమెరా రికార్డరు నా ఫోను కంటే సరిగ్గా 15 నిమిషాలు ముందుంది. అటు ఒక సెకను లేదు, ఇటు ఒక సెకను లేదు. గడియారం పాడైతే ఇంత చక్కగా పాడవదు. మెనూ తెరిచి చూస్తే సంగతి తెలిసింది: రికార్డరు ఇంటర్నెట్ నుంచి ప్రపంచ సమయాన్ని శుభ్రంగా తెచ్చుకుంటోంది, కానీ దానికి కలపవలసిన 5 గంటల 30 నిమిషాల బదులు 5 గంటల 45 నిమిషాలు కలుపుతోంది. అది నేపాల్ సమయం. మెనూలో న్యూఢిల్లీ వరసకు సరిగ్గా కింది వరసలో ఖాట్మండు ఉంటుంది. ఆ రికార్డరు బిగించిన రోజున వేలు ఒక వరస కిందికి జార్చింది మరెవరో కాదు, నేనే. రెండేళ్లకు పైగా చీమకుర్తిలో ఆ గేటు నేపాల్ వేళలోనే తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంది.

కాటా కంప్యూటరు తప్పు వేరే జాతిది. అది 7 నిమిషాల చిల్లర వెనకబడి ఉంది. వైరసులు వస్తాయన్న భయంతో దానికి ఇంటర్నెట్ ఇవ్వలేదు. కాబట్టి లోపలి క్వార్ట్జ్ పలుకు ఎంత చెబితే అంతే వేళ. మామూలు క్వార్ట్జ్ గడియారం పది లక్షల సెకన్లకు ఇరవై సెకన్ల దాకా తప్పడం సహజం. అంటే రోజుకు దాదాపు 1.7 సెకన్లు, నెలకు 50 సెకన్ల పైచిలుకు. చివరిసారి ఎప్పుడు సరిచేశారని గుమాస్తాను అడిగితే, దసరాకి ఆయుధ పూజ రోజున కంప్యూటరుకు బొట్టు పెడుతూ సరిచేశానని చెప్పాడు. దసరా నుంచి జూన్ దాకా ఎనిమిది నెలలు. లెక్క అతికినట్టు సరిపోయింది.

రెండు తప్పులూ సవరించి రాస్తే, తూకం 9 గంటల 52 నిమిషాలకు, బిల్లు 9 గంటల 55 నిమిషాలకు, గేటు దాటడం 9 గంటల 58 నిమిషాలకు. మొత్తం ఆరు నిమిషాలు. పలకలు ఎక్కడ తారుమారయ్యాయన్నది తర్వాత ప్యాకింగు దగ్గర తేలింది, ఆ కథ ఇక్కడ అనవసరం. మేస్త్రి మాత్రం ఇప్పటికీ నేను కనబడితే చాలు, "టైమెంతయింది సార్?" అని అడిగి, నా జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోతుంటాడు.

ఆ వారంలోనే ఎన్‌పీఎల్ సేవను అమర్చాను. అమరిక చాలా సులువు. మూలన పడి ఉన్న ఒక పాత కంప్యూటరును దులిపి, దానికి లినక్స్ వేసి, ఫ్యాక్టరీ మొత్తానికి అదే పెద్ద గడియారం అయ్యేట్టు చేశాను. అది ఎన్‌పీఎల్‌ను అడుగుతుంది. ఒకే వాకిలిని నమ్ముకుని కూర్చోకూడదు కాబట్టి, కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ల వ్యవహారాలు చూసే ఎన్ఐసీ వారి సమయ్1, సమయ్2 సర్వర్లను కూడా అడుగుతుంది. కెమెరాలు, హాజరు యంత్రం, ఆఫీసు కంప్యూటర్లు అన్నీ దీన్ని అడుగుతాయి. కాటా కంప్యూటరుకు ఇప్పటికీ ఇంటర్నెట్ లేదు; దానికి ఈ పాత కంప్యూటరు దాకా ఒక్క తీగ మాత్రం ఇచ్చాను. రెండో ఫ్యాక్టరీలో ఈ పనంతా ఒక పూటలో అయిపోయింది.

ఈ సేవ నడిచే పద్ధతిని ఎన్‌టీపీ అంటారు. యజమానికి నేను చెప్పిన పోలికే ఇక్కడా చెబుతాను. ఒంగోలులో నా గడియారం నడుస్తోంది గానీ వేళ తప్పు చూపుతోంది, చీమకుర్తిలో ఒక నమ్మకమైన గడియారం ఉంది అనుకుందాం. ఒక కుర్రాడిని బైకు మీద పంపి, ఆ గడియారం ఎంత చూపుతోందో రాసుకుని రమ్మంటాను. అతను తిరిగి వచ్చేసరికి ఆ రాత పాతబడిపోతుంది. అయితే పోయి రావడానికి మొత్తం గంట పట్టిందని నాకు తెలుసు కాబట్టి, అందులో సగం, అంటే అరగంట, ఆ రాతకు కలుపుకుంటే సరైన వేళ దొరుకుతుంది. ఇందులో ఒక్కటే చిక్కు: పోయేటప్పుడు దారి ఖాళీగా ఉండి, వచ్చేటప్పుడు బ్లాకుల లారీల వెనక ఇరుక్కుపోతే సగం అన్న లెక్క తప్పుతుంది. అందుకే ఎన్‌టీపీ ఒక్కసారి అడిగి ఊరుకోదు. మళ్లీ మళ్లీ అడిగి, అన్నిటికంటే త్వరగా పోయి వచ్చిన కుర్రాడి మాటకే ఎక్కువ విలువ ఇస్తుంది. మా ఫ్యాక్టరీ నుంచి ఢిల్లీకి ఒక ప్రశ్న పోయి జవాబు రావడానికి నలభై, యాభై మిల్లీసెకన్లు పడుతోంది. పాత కంప్యూటరు రాసుకునే లాగ్ ప్రకారం చాలా రోజులు తేడా పది మిల్లీసెకన్లు దాటలేదు. సెకనులో నూరో వంతు. పలకల వ్యాపారానికి ఇది అక్కరకు మించిన కచ్చితత్వం.

అక్కడి గడియారం ఎంత నమ్మదగినదన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. ఎన్‌పీఎల్ తన సమయాన్ని సీసియం గడియారాల నుంచి, హైడ్రోజన్ మేజర్లు అనే మరో రకం పరమాణు గడియారాల నుంచి తయారు చేస్తుంది. 1967 నుంచి సెకను అంటే భూమి తిరుగుడులో ఒక భాగం కాదు. సీసియం-133 పరమాణువు నుంచి వెలువడే ఒకానొక తరంగం 9,192,631,770 సార్లు ఊగడానికి పట్టే కాలం. ఒక దేశం తన గడియారాలు కచ్చితమని తానే చెప్పుకుంటే కుదరదు కదా. పారిస్ పక్కన సెవ్ర్‌లో ఉన్న అంతర్జాతీయ తూనికలు కొలతల సంస్థకు ప్రపంచంలోని దాదాపు 80 ప్రయోగశాలలు తమ గడియారాల లెక్కలు పంపుతాయి. నాలుగు వందలకు పైగా ఉన్న ఆ పరమాణు గడియారాల లెక్కలను కలిపి, స్థిరంగా నడిచిన వాటికి ఎక్కువ విలువ ఇచ్చి, ఆ సంస్థ ప్రపంచ సమయాన్ని నిర్ణయిస్తుంది. విచిత్రమేమిటంటే, ఆ ప్రపంచ సమయాన్ని అప్పటికప్పుడు చూపే గడియారం భూమి మీద ఎక్కడా లేదు. ఏ దేశపు గడియారం ఎన్ని నానోసెకన్లు తప్పిందో నెలకొకసారి వెలువడే సర్క్యులర్-టి అనే పత్రంలో, జరిగిపోయిన రోజులకు, చెబుతారు. మా గుమాస్తా దసరాకి ఒకసారి దిద్దుకుంటే, ఢిల్లీ వారు నెలనెలా దిద్దుకుంటారు. తేడా ఏమిటంటే ఇక్కడ నిమిషాలు, అక్కడ సెకనులో వంద కోట్ల వంతులు.

ఆ ప్రపంచ సమయానికి ఐదున్నర గంటలు కలిపితే మన సమయం. ఐదున్నర ఎందుకంటే, మన ప్రామాణిక రేఖ 82 డిగ్రీల 30 నిమిషాల తూర్పు రేఖాంశం. ఉత్తరప్రదేశ్‌లో మీర్జాపూర్ దగ్గరగా పోయే ఆ గీత, దిగువకు వచ్చి మన రాష్ట్రంలో కాకినాడ దాపున సముద్రంలో కలుస్తుంది. దీన్ని 1906 జనవరి 1న అమలులోకి తెచ్చారు. అంతకు ముందు మన ప్రాంతం ఏ వేళ పాటించిందన్నది నేను ఈ పనిలో పడ్డాకే తెలుసుకున్నాను. నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల వారికి అది కొంచెం గర్వపడదగిన సంగతి.

ఈస్టిండియా కంపెనీ 1792లో మద్రాసులో ఒక నక్షత్రశాల కట్టించింది. ఆ నక్షత్రశాల రేఖాంశం ఆధారంగా లెక్కించిన మద్రాసు సమయం, గ్రీనిచ్ కంటే 5 గంటల 21 నిమిషాల చిల్లర ముందు ఉండేది. బొంబాయి వేళ దానికి అరగంట వెనక, కలకత్తా వేళ 32 నిమిషాలు ముందు. మద్రాసు రెండింటికీ నట్టనడుమ పడడంతో, పందొమ్మిదో శతాబ్దం చివరి దశాబ్దాలలో దేశంలోని రైళ్లన్నీ మద్రాసు సమయం మీదే నడిచాయి. విజయవాడ, మద్రాసుల మధ్య రైలు మార్గం 1899లో కలిసినప్పుడు, ఒంగోలు, నెల్లూరు స్టేషన్లకు వచ్చిన గడియారం వేళ ఆ ఊళ్ల సూర్యుడి వేళతో దాదాపు ఒక నిమిషంలో సరిపోయేది. ఏడేళ్లు తిరగకుండానే, 1906లో, ముల్లును దాదాపు తొమ్మిది నిమిషాలు ముందుకు తోయవలసి వచ్చింది. మనం ఆ తొమ్మిది నిమిషాలను కిక్కురుమనకుండా ఇచ్చేశాం. కలకత్తా 1948 దాకా, బొంబాయి 1955 దాకా తమ సొంత వేళలను పూర్తిగా వదులుకోలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 సెప్టెంబరు నుంచి 1945 అక్టోబరు దాకా, దేశమంతా గడియారాన్ని ఇంకో గంట ముందుకు జరిపి నడిపించారు. ఆ మూడేళ్ల కాలపు జన్మపత్రికలు చూసే జ్యోతిష్కులు ఇప్పటికీ ఆ గంటను తీసివేసి లెక్క కడతారు.

జ్యోతిష్కుల మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న పక్కదారి. ఈ సేవను అమర్చిన కొన్నాళ్లకు ఫ్యాక్టరీలో కొత్త కోత యంత్రానికి పూజ పెట్టుకున్నారు. పంచాంగంలో వేరే ముహూర్తం కుదరక, సిద్ధాంతి గారు అభిజిత్ ముహూర్తం ఖాయం చేశారు. అది మిట్టమధ్యాహ్నానికి అటు ఒక గడియ, ఇటు ఒక గడియ. మిట్టమధ్యాహ్నం అంటే 12 గంటలే కదా అని యజమాని అన్నారు. సిద్ధాంతి గారు నవ్వి, "ఆ పన్నెండు కాకినాడ వాళ్లది నాయనా, మనకు ఇంకో పది నిమిషాలు కలుపుకోవాలి" అన్నారు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఒంగోలు ప్రామాణిక రేఖకు దాదాపు రెండున్నర డిగ్రీలు పడమట ఉంది; డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున పది నిమిషాలు. ఇది కూడా ఏడాది సగటు మాత్రమే: భూమి సూర్యుడి చుట్టూ ఒకే వేగంతో తిరగదు, దాని ఇరుసు వంగి ఉంటుంది కాబట్టి, నవంబరు మొదటి వారంలో ఒంగోలులో సూర్యుడు 11 గంటల 53 నిమిషాలకే నడినెత్తికి వస్తాడు, ఫిబ్రవరి నడుమ 12 గంటల 24 నిమిషాల దాకా రాడు. ఒక్క మన రాష్ట్రంలోనే శ్రీకాకుళం సూర్యుడికీ అనంతపురం సూర్యుడికీ 25 నిమిషాల తేడా ఉంది. గడియారం తప్పుగా ఉంటే సిద్ధాంతి గారి పది నిమిషాల సవరణ ఏ లెక్కకు కలిపినట్టు? ఆ రోజు కొబ్బరికాయ కొట్టింది మాత్రం మా పాత కంప్యూటరు తెర మీది వేళ చూసే.

ఒక రాష్ట్రంలోనే ఇంత తేడా ఉంటే, 68 డిగ్రీల నుంచి 97 డిగ్రీల దాకా పరుచుకున్న దేశానికి ఒకే వేళ ఎలా సరిపోతుందన్న ప్రశ్న పాతదే. గుజరాత్ పడమటి అంచుకూ అరుణాచల్ తూర్పు అంచుకూ సూర్యోదయంలో దాదాపు రెండు గంటల తేడా ఉంటుంది. అస్సాం తేయాకు తోటలలో గడియారాన్ని గంట ముందుకు పెట్టుకుని 'బాగాన్ టైమ్' అని నడుపుకునే అలవాటు బ్రిటిష్ కాలం నుంచీ ఉంది. ఈ సమయాన్ని తయారు చేసే ఎన్‌పీఎల్ శాస్త్రవేత్తలే 2018లో ఒక పరిశోధనా పత్రంలో, ఈశాన్య రాష్ట్రాలకు గంట ముందుండే రెండో వేళ ఇవ్వవచ్చనీ, 89 డిగ్రీల 52 నిమిషాల రేఖాంశం దగ్గర, దేశం సన్నగా మెడలా ఉన్నచోట, హద్దు పెడితే రైళ్ల గందరగోళం తక్కువగా ఉంటుందనీ రాశారు. ప్రభుత్వం ఒప్పుకోలేదు. రష్యా పదకొండు వేళలతో నడుస్తోంది. చైనా మన కంటే ఎంతో వెడల్పున్న తన దేశమంతటినీ ఒక్క బీజింగ్ వేళతో నడుపుతోంది. గువాహతికి లారీలు పంపే వారి దగ్గర పని చేస్తున్న మనిషిగా నా స్వార్థం నాది: ఒకే వేళ ఉన్నప్పుడే మా కాటా చీటీలూ, గేటు కెమెరాలూ, బిల్లులూ ఒకదానితో ఒకటి పొసగక పోయాయి. రెండు వేళలుంటే, ఖాట్మండును నొక్కిన నా వేలు ఇంకేం నొక్కేదో!

ఇక లోపాల సంగతి. సేవలోని లోపాల కంటే, సేవకూ మన గోడ గడియారానికీ మధ్య ఉన్న దూరంలోని లోపాలే ఎక్కువ.

అందులో మొదటిది, ఈ సేవ ఉందని చెప్పేవారు లేకపోవడం. మన దగ్గర అమ్మే రికార్డర్లలో, రౌటర్లలో ముందుగానే ఏదో విదేశీ సర్వరు పేరు రాసి ఉంటుంది. కొన్నింటిలో బీజింగ్ వేళ కూడా సిద్ధంగా ఉంటుంది. బిగించే వారు దాన్ని మార్చరు, కొన్నవారు అడగరు. దేశంలో కంప్యూటర్ల భద్రత చూసే సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలలో, సంస్థలు తమ కంప్యూటర్ గడియారాలను ఎన్‌పీఎల్‌తో గానీ ఎన్ఐసీతో గానీ, లేదా వాటితో ముడిపడిన సర్వర్లతో గానీ సరిచూసుకోవాలని స్పష్టంగా రాశారు. ఆ ఆదేశం సంగతి తెలిసిన గుమాస్తా నాకు చీమకుర్తిలో ఇంతవరకు తారసపడలేదు. నాకే తెలియనప్పుడు వారిని అనడం భావ్యం కాదు.

రెండోది, ఈ సేవ సమయాన్ని ఇస్తుంది గానీ సాక్ష్యాన్ని ఇవ్వదు. నా గడియారం ఫలానా రాత్రి సరిగ్గా ఉందని ఎన్‌పీఎల్ సంతకం చేసిన కాగితం ఏదీ నాకు దీని వల్ల రాదు. మామూలు ఎన్‌టీపీ జవాబుకు ముద్ర ఉండదు కాబట్టి, దారిలో ఎవరైనా దొంగ జవాబు ఇచ్చినా మామూలు రికార్డరు గుర్తుపట్టలేదు. కెమెరా దృశ్యం కోర్టుకు పోవలసి వస్తే 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను కింద ధ్రువపత్రం మనమూ, ఒక నిపుణుడూ సంతకం చేసి ఇచ్చుకోవాలి. అందుకని పాత కంప్యూటరు రాసుకునే లాగ్‌ను నేను నెలనెలా విడిగా దాచిపెడుతున్నాను.

మూడోది అమర్చేవారు జాగ్రత్త పడవలసిన విషయం, నేను దెబ్బ తిని నేర్చుకున్నది. ముందుకు పోయిన గడియారాన్ని ఒక్కసారిగా వెనక్కి జరిపితే, ఆ 15 నిమిషాలు రికార్డులో రెండుసార్లు వస్తాయి. కొన్ని రికార్డర్లు పాత దృశ్యం మీదే కొత్తది రాసేస్తాయి. కాబట్టి సరిచేసే ముందు రికార్డరు తెరనూ, సరైన వేళ చూపే ఫోనునూ పక్కపక్కన పెట్టి ఫొటో తీసి, ఎంత తేడా ఉందో పుస్తకంలో రాసి, యజమాని చేత సంతకం పెట్టించుకోవాలి. పాత దృశ్యాలకు ఆ ఒక్క కాగితమే దిక్కు. సరిచేయడం కూడా యార్డు ఖాళీగా ఉన్న వేళ చేయాలి. నేను మొదటిసారి మిట్టమధ్యాహ్నం, రెండు లారీలు కాటా మీద వరసలో ఉండగా చేశాను. చీటీల వరసకూ దృశ్యాల వరసకూ ఆ రోజు పొంతన కుదరలేదు.

అధిక సెకన్ల గురించి అడిగేవారు ఉంటారు కాబట్టి ఒక మాట. పరమాణు గడియారానికీ భూమి తిరుగుడుకూ మధ్య పెరిగే తేడాను సరిచేయడానికి 1972 నుంచి 27 సార్లు ప్రపంచ సమయానికి ఒక సెకను కలిపారు. చివరిది 2016 డిసెంబరు 31 అర్ధరాత్రి, ప్రపంచ సమయం ప్రకారం. మనకు మాత్రం అది 2017 జనవరి 1 తెల్లవారుజామున 5 గంటల 29 నిమిషాల 60వ సెకనుగా వచ్చింది. 2035 నాటికి ఈ పద్ధతి మార్చాలని 2022లో దేశాలు నిర్ణయించుకున్నాయి. ఫ్యాక్టరీ పనికి దీనితో చిక్కు లేదు.

రాబోయే మార్పులు ఈ సేవ విలువను పెంచేవే. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ, ఎన్‌పీఎల్, ఇస్రో కలిసి అహ్మదాబాద్, బెంగళూరు, భువనేశ్వర్, ఫరీదాబాద్, గువాహతిలలోని తూనికల ప్రయోగశాలల నుంచి కూడా ఈ సమయాన్ని అందించే పని చేపట్టాయి. ఇంతకాలం మన సెల్ టవర్లూ, బ్యాంకులూ ఎక్కువగా అమెరికా వారి జీపీఎస్ ఉపగ్రహాల నుంచి వేళ తెచ్చుకుంటున్నాయి. జీపీఎస్ లాంటి మన నావిక్ ఉపగ్రహాలలో కూడా తొలినాళ్లలో దిగుమతి చేసుకున్న పరమాణు గడియారాలే ఉండేవి, వాటిలో కొన్ని ఆగిపోయాయి కూడా. స్వదేశంలో చేసిన రుబీడియం పరమాణు గడియారం మొదటిసారి 2023 మే 29న ఎన్‌వీఎస్-01 ఉపగ్రహంలో శ్రీహరికోట నుంచి పైకి వెళ్లింది. శ్రీహరికోట ఇప్పుడు తిరుపతి జిల్లా అయినా, నెల్లూరు వారు దాన్ని మనదిగానే చెప్పుకుంటారు. ఆ ఉదయం నెల్లూరులో మా అక్క వాళ్ల మేడ మీద నుంచి పిల్లలతో పాటు ఆ పొగచారను నేనూ చూశాను. అందులో గడియారం ఉందన్న సంగతి అప్పటికి నాకు పట్టలేదు.

అన్నిటికంటే నాకు నచ్చినది 2025 జనవరిలో ఆ శాఖే విడుదల చేసిన ముసాయిదా నియమాలు. న్యాయ, వాణిజ్య, పరిపాలన వ్యవహారాలన్నిటికీ భారత ప్రామాణిక కాలమే ఆధారంగా ఉండాలని అందులో ఉంది. ఖగోళశాస్త్రం, నౌకాయానం వంటి వాటికి మినహాయింపు ఉంది. ఆ నియమాలను ప్రతిపాదించింది తూనికలు కొలతల చట్టం కింద, అంటే మా కాటాకు ఏటా సీలు వేయించే చట్టం కిందే. వేళ కూడా బరువులాగే ఒక కొలత అన్న మాట అక్కడ మొదటిసారి చూశాను.

మార్కులు అడిగితే ఐదింటికి నాలుగున్నర. పట్టుకున్న అర మార్కు సాక్ష్యపు కాగితం లేనందుకు. మా ఫ్యాక్టరీ పనికి డబ్బు పెట్టి కొనే ఏ గడియారమూ ఇంతకంటే ఎక్కువ ఇవ్వలేదని మాత్రం చెప్పగలను.

ఈ మధ్య కాటా సీలు గడువు దగ్గర పడడంతో ఇన్‌స్పెక్టరు గారు వచ్చారు. పరీక్ష బరువులు పెట్టారు, కిలో తేడా లేదన్నారు, సీలు వేశారు. గుమాస్తా ఒక చీటీ తీసి చేతికిచ్చాడు. ఆయన బరువు అంకె చూసి తల ఊపారు. ఆగి, పక్కనున్న గంటలూ నిమిషాలూ చూశారు. జేబులోంచి తన ఫోను తీసి, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసుకున్నారు. తర్వాత ఏమీ అనకుండా రెండింటినీ అదే జేబులో పెట్టుకున్నారు.